రెండు మూరల మల్లెపూలు

నేనెవరో మీకు తెలియదు, అందుకే మీకు చెబుతున్నాను. తెలిసినవాళ్ళకు చెప్పలేక ఈ ఎండాకాలానికి నాలుగేళ్ళు. మొదట్లో అది అన్నం ముద్ద అడ్డం పడ్డట్టు గొంతులో ఉండేది. తర్వాత కిందికి దిగి కడుపులో కూర్చుంది. ఎవరైనా నన్ను మంచిదానివి అన్నప్పుడల్లా కదులుతుంది. మా ఇంట్లో ఆ మాట రోజూ ఎవరో ఒకరు అంటూనే ఉంటారు.

మాది చంపాపేట్. కింద రెండు గదులు, వంటిల్లు, పైన డాబా మీద ఒక రేకుల గది. అత్తమ్మ, మా ఆయన, నేను, మరిది, మరిది భార్య స్వప్న, వాళ్ళ పాప ఆద్య. స్వప్న నాకంటే ఆరేళ్ళు వెనక ఈ ఇంటికి వచ్చింది, వచ్చిన ఏడాదికే తల్లయింది. నాకు పిల్లల్లేరు. ఏడేళ్ళు దవాఖానల చుట్టూ తిరిగాం, ఆ తర్వాత తిరగడం మానేశాం. ఇందులో ఏడవాల్సిందేమీ లేదంటారు అందరూ. ఏడ్చాను, అది వేరే సంగతి.

స్వప్న నన్ను ఎప్పుడూ ఒక్క మాట అనలేదు. అదే నా కోపం. గయ్యాళిదయితే నాలుగు తిట్టి నాలుగు తిని ఊరుకునేదాన్ని.

పాపను మొదటిసారి ఉయ్యాలలో వేసే తొట్టెల పండుగ రోజు పొద్దున్నుంచీ ఉయ్యాలకు పూలు కట్టింది నేనే. పాపను ఎత్తుకుని వేయబోతుంటే, నల్లగొండ దగ్గరి మా ఊరినుంచి వచ్చిన చిన్నత్తమ్మ, "జర ఆగు బిడ్డా, ముందుగాల పిల్లల తల్లి ఎయ్యాలె" అంది. మెల్లగానే అంది. అందరికీ వినబడింది. స్వప్న తల వంచుకుంది. ఆమె ఏమనాలి? బాలింత, అంతమంది పెద్దల మధ్య నా పక్షాన ఎట్లా మాట్లాడుతుంది? ఇప్పుడు అడిగితే ఆమె తప్పేమీ లేదంటాను. అప్పుడు మాత్రం ఆ వంచిన తలను మనసులో దాచుకున్నాను.

ఓర్వలేకపోయాను, అంతే. పాప గుక్కపట్టి ఏడిస్తే ఎవరెత్తుకున్నా ఆగేది కాదు. స్వప్న కొంగు వాసన తగిలితే చాలు, టక్కున ఊరుకునేది. ఆ ఊరుకోవడం చూస్తే నా కడుపు భగ్గుమనేది.

పాపకు పది నెలలు నిండేసరికి కరోనా రెండోసారి ఊరి మీద పడింది. కారు నడిపే మా మరిదికి అంటుకుంది. ఇంట్లో పసిపిల్ల ఉందని అతను అబ్దుల్లాపూర్‌మెట్‌లో స్నేహితుడి గదిలో ఉండిపోయాడు. రెండు రోజులకు నాకూ స్వప్నకూ ఒళ్ళు వెచ్చబడింది. ఎల్బీనగర్ వైపు ఒక సర్కారు దవాఖానలో పరీక్ష చేస్తున్నారంటే ఇద్దరం తెల్లవారే పోయి లైన్లో నిలబడ్డాం. ముక్కులో పుల్ల తిప్పారు. కళ్ళ నీళ్ళు కారాయి. ఒకరి మొహం ఒకరు చూసుకుని నవ్వుకున్నాం కూడా. ఫారంలో ఫోన్ నంబరు దగ్గరికి రాగానే స్వప్న, "అక్కా, నీదే రాస్తున్న" అంది. మా ఇంట్లో ఎప్పుడూ అంతే. గ్యాసుకు, కరెంటుకు, రేషనుకు, అందరికీ నా నంబరే. వచ్చిన మెసేజ్ చదివి చెప్పేది నేనే. నేను ఏది చెబితే అదే వచ్చినట్టు.

రిపోర్టు వచ్చేదాకా పాపను అత్తమ్మ దగ్గర ఉంచాం. స్వప్న డాబా మీది రేకుల గదిలో, నేను ముందుగదిలో. మర్నాడు మధ్యాహ్నం రెండు మెసేజ్‌లు ఒకదాని వెనక ఒకటి వచ్చాయి. నా పేరు, నెగెటివ్. ఆమె పేరు, నెగెటివ్.

లోపల పాప ఏడుస్తోంది. మోకాళ్ళ నొప్పులతో లేవలేక అత్తమ్మ నన్ను పిలుస్తోంది. ఆ ఏడుపు విని స్వప్న సగం మెట్ల దాకా దిగివచ్చి నిలబడింది.

"అక్కా, మెసేజ్ ఒచ్చిందా?"

"ఒచ్చింది."

"జల్ది చెప్పక్కా, పాలు సలుపుతున్నయ్."

"నాకు లేదంట." ఒక్క క్షణం ఆగాను. "నీకుంది."

ఆ ఒక్క క్షణంలో నేను ఏమనుకున్నాను? ఎన్నిసార్లు నన్ను నేను అడిగానో లెక్కలేదు. పాప ఒక్కరోజు నా చేతుల్లో ఉంటే చాలు, రేపు తప్పు చదివానని చెప్పేద్దాం అనుకున్నట్టు గుర్తు, కానీ అది ఆ రోజు అనుకున్నదో, తర్వాత నన్ను నేను సముదాయించుకోవడానికి అల్లుకున్నదో నాకే తెలియదు. అనుకోకుండా నోరు జారానంటే మీరు నమ్ముతారేమో. నేను నమ్మను.

స్వప్న గోడ పట్టుకుని మెట్టు మీద కూర్చుండిపోయింది.

"పాపకు అంటిచ్చిననా అక్కా?" అంది. తన గురించి ఒక్క ముక్క అడగలేదు. "మాస్కు పెట్టుకుని పాలియ్యొచ్చని టీవీల డాక్టరమ్మ చెప్తుండె. ఇయ్యొచ్చా?"

టీవీలో అది నేనూ విన్నాను.

"ఎందుకు రిస్కు? ఒద్దు. డబ్బా పాలు పడ్తా" అన్నాను.

మెసేజ్ చూపించమని ఆమె అడగనే లేదు. అడుగుతుందేమోనని నేనే చెరిపేశాను.

ఒక్కరోజు అనుకున్నది పద్నాలుగు రోజులైంది. మే నెల ఎండలు. రేకుల గది పెనంలా కాలేది. అన్నం పళ్ళెం పైమెట్టు మీద పెట్టి దిగివచ్చేదాన్ని. పాప నా పక్కలో నా పుస్తెలతాడు పట్టుకుని పడుకునేది. మూడో రోజుకల్లా నా కొంగు వాసనకే ఏడుపు ఆపింది. చెప్పకపోతే ఇదంతా మళ్ళీ అబద్ధమే అవుతుంది కాబట్టి చెబుతున్నాను: నా బతుకులో అంత సుఖంగా ఎన్నడూ లేను.

ఐదో రోజు స్వప్నకు పాలు గడ్డకట్టి జ్వరం వచ్చింది. కరోనా జ్వరమే అనుకున్నారు అందరూ. రొమ్ములకు మల్లెపూలు కడితే పాలు ఎండిపోయి సులువవుతుందని అత్తమ్మ చెప్పింది. తేవాల్సింది నేనే. లాక్‌డౌన్‌లో పొద్దున కొన్ని గంటలే బయటికి పోనిచ్చేవారు. మా దగ్గర దొరక్క దిల్‌సుఖ్‌నగర్ దాకా నడిచాను. మూసిన దుకాణం ముందు ఒక్క ఆమె బుట్ట పెట్టుకుని కూర్చుంది.

"గీ టైముల ఏం ఫంక్షనమ్మా?" అంది, మూర కొలుస్తూ. రెండు మూరలు తీసుకున్నాను.

దారి పొడుగునా కవర్లోంచి వాసన. అప్పుడైనా చెప్పొచ్చు కదా? తప్పు చదివాను, నీకేమీ లేదు, దిగిరా, పాపకు పాలియ్యి. ఇంతే. పాలు ఇంకా ఉన్నాయి. చెబుదామనే మెట్లెక్కాను. తలుపు దాకా పోయాక, ఇవి కడితే ఇక పాపకు ఆమెతో పనుండదు కదా అనిపించింది. పూలు మెట్టు మీద పెట్టి దిగివచ్చాను. మొదటి అబద్ధానికి ఒక్క క్షణం పట్టింది. ఈ పూలకోసం పోను రాను గంటపైనే నడిచాను.

పదకొండో రోజు పాప వాకిట్లో నాలుగడుగులు వేసి నా ఒళ్ళో పడింది. మొదటి అడుగులు. స్వప్న డాబా పిట్టగోడ మీదినుంచి చూసి చప్పట్లు కొట్టింది. నేను తలెత్తలేదు.

ఆమె కిందికి వచ్చిన రోజు చేతులు చాపితే, పాప నా మెడ కరుచుకుని ఏడ్చింది. నాకు సంతోషమేసింది. తర్వాత భయమూ వేసింది, కానీ ముందు సంతోషమే.

ఎన్నాళ్ళు? రెండు నెలల్లో పిల్ల మళ్ళీ తల్లి కొంగు పట్టుకుంది. పాలు మాత్రం తిరిగి రాలేదు. చుట్టాలు ఎవరొచ్చినా స్వప్న నన్ను పక్కన కూర్చోబెట్టుకుని, "మా అక్క పానానికి తెగించి నా బిడ్డను సాకింది" అని చెబుతుంది. నేను గుమ్మడికాయల దొంగలా భుజాలు తడుముకుంటాను. మెట్లెక్కి ఆయాసపడితే "కరోనా ఒచ్చినకాడికెళ్లి ఒంట్ల తాకత్ లేదక్కా" అంటుంది. రాని రోగాన్ని నాలుగేళ్ళుగా మోస్తోంది.

పోయిన నెల ఆద్యకు జలుబు చేసి దగ్గు పట్టింది. స్వప్న దాని వీపు నిమురుతూ, "పది నెలలకే పాలు బందు చేసిన. నా పాపమే దీనికి తగిలింది" అని ఏడ్చింది. నేను పొయ్యి మీద ఆవిరికి నీళ్ళు పెట్టాను. ఇంకేం చేశాను? ఏమీ చేయలేదు.

ఎందుకు చెప్పవు అని అడగండి. ఇల్లు ముక్కలవుతుందని అంటాను. ఉత్త మాట. చెబితే స్వప్న పాపను మళ్ళీ నా దగ్గరికి రానివ్వదు. అప్పుడు దాచింది పాపకోసం, ఇప్పుడు దాచేదీ పాపకోసమే. నేను ఏమాత్రం మారలేదు.

నిన్న స్వప్న బజారునుంచి మల్లెపూలు తెచ్చింది. తలనొప్పి వస్తుందని చెప్పి నేను నాలుగేళ్ళుగా పెట్టుకోవడం లేదు. "ఒక్కనాటికేం కాదు తియ్యి" అని సగం తుంచి తానే నా జడలో పెట్టింది. ఇది రాస్తుంటే అవి ఇంకా అక్కడే ఉన్నాయి, వాడిపోయి. తీయబుద్ధి కాలేదు. నన్ను క్షమించమని మిమ్మల్ని అడగను, అది మీ చేతిలో లేదు. కానీ మా ఇంట్లో ఇంతవరకూ ఎవరూ పలకని మాట ఒకటుంది, అది ఎక్కడో ఒకచోట నా చేత్తో రాసి ఉండాలి.

స్వప్నకు కరోనా రాలేదు.