పొటాష్ సంగతి తెలిసిన మనిషి

మానుకోటలో ఎరువుల దుకాణం నడిపిన మా పెద్దనాయిన దగ్గరికి మిర్చి రైతులు మాడిన ఆకు పట్టుకొచ్చేవారు. ఆయన దాన్ని ట్యూబ్‌లైటు వెలుగుకు ఎత్తి, ఒక కన్ను మూసి, జడ్జిలా తీర్పు చెప్పేవాడు.

"పొటాష్ తక్కువైంది. ముందుగాల నీళ్లు బంద్ జెయ్యి. నీళ్లు పారిచ్చుకుంట పోతే ఎంత పొటాష్ ఏసినా కొట్కపోతది."

"ఈ ఒక్క తడి ఇస్త సేటూ, రేపటి సంది బంద్" అనేవారు రైతులు.

వాళ్లు వెళ్లాక నాతో, "చెప్తే వినరు, ఏం జేద్దాం" అని తెగ జాలిపడేవాడు. అంత జాలి మోయడం కష్టమే కదా, పొద్దుగూకగానే సీసా తెరిచేవాడు.

ఒకరోజు గల్లా ముందే గుండె దడదడలాడి కూలబడ్డాడు. దవాఖానలో డాక్టరు గుండె గీతల కాగితాన్ని వెలుగుకు ఎత్తి చూశాడు.

"గుండె లయ తప్పింది. తాగుడుతోని ఒంట్ల పొటాషియం పడిపోయింది. ముందు తాగుడు ఆపాలె. లేకుంటే మేం ఎంత ఎక్కిచ్చినా నిలువది."

పొటాషియం పేరు వినగానే పెద్దనాయినకు ప్రాణం లేచొచ్చింది. "గింతేనా సారూ? ఎకరానికి ఎన్ని కిలోలు?" అని నవ్వాడు. డాక్టరు నవ్వలేదు.

ఇంటికొచ్చిన సాయంత్రమే సీసా తీశాడు. పెద్దమ్మ చెయ్యి పట్టుకుంది.

"ఈ ఒక్క తడి ఇయ్యనియ్యే. రేపటి సంది బంద్" అన్నాడు.

నీళ్లు ఆపని రైతులు ఆ ఏడు పంట పోగొట్టుకున్నా, మరుసటి ఏడు మళ్లీ నారు పోసుకున్నారు. మా పెద్దనాయినకు మరుసటి ఏడు లేకపోయింది.