వదిన డబ్బాలకు బాపు నంబర్లు

ఆ రోజుల్లో మా ఇంట్లో ఏ డబ్బా మీద రాసింది ఆ డబ్బాలో ఉండేది కాదు. బిస్కెట్ల డబ్బా తెరిస్తే సూదులు, టీపొడి డబ్బాలో మెంతులు, పాలపొడి డబ్బాలో అన్న గాలిపటం దారం. (ఆ పాలపొడి తాగి పెరిగిన పిల్లను నేనే. అప్పటికి అహేరిలో డిగ్రీ చదువుతున్నాను. డబ్బా మాత్రం ఇంకా సేవలోనే ఉంది.) ఎందులో ఏముందో అవ్వకు, అంటే మా అమ్మకు, తెలుసు కాబట్టి, అవ్వ ఇంట్లో ఉన్నంతసేపు ఎవరికీ ఇబ్బంది లేదు. మరాఠీ రాష్ట్రపు అంచున, నది ఒడ్డునున్న సిరొంచలో మా వాడలోని ఇళ్లన్నీ ఇంచుమించు ఇలాగే నడిచేవి. అలాంటి ఇంటికి మంచిర్యాల దిక్కు నుంచి మా వదిన కోడలిగా వచ్చింది. వస్తూ వస్తూ చీరెల పెట్టెతో పాటు పూసలు, చమ్కీలు, అద్దాలు, జరీ లేసులు, ఊలు ఉండలు కుక్కిన సంచులు తెచ్చుకుంది.

వదిన బాసింగాలు కట్టేది. మామూలు అట్టముక్క ఆమె చేతిలో పడితే చూస్తుండగానే పెళ్లికొడుకు నుదుటికి తగిన బాసింగమై లేచేది. గుమ్మానికి పూసల తోరణం అల్లిందంటే, దాని కింద నుంచి వంగి వెళ్లడానికి కూడా మనసొప్పేది కాదు. సెలవుల్లో ఇంటికొస్తే ఆమె ముందు కూర్చుని నోరు తెరుచుకుని చూడటమే నా పని. వంటింటి పక్కన వడ్లు పోసుకునే చిన్న అర్ర ఒకటి ఎండాకాలమంతా ఖాళీగా ఉంటుంది కదా అని అవ్వ దాన్ని వదినకు ఇచ్చింది. నడుమ నిలబడి చేతులు చాపితే రెండు గోడలూ తగిలేవి. అందులోనే ఆమె చాప, కత్తెర, సంచులు, ఊళ్లో నలుగురిని అడిగి తెచ్చుకున్న పాత డబ్బాలు. దీపావళి తర్వాత పెళ్లిళ్లకు అహేరి నుంచి, నది అవతలి ఊళ్ల నుంచి కూడా బాసింగాలు కావాలని అడుగుతుండేవారు.

చిక్కంతా బాపుతో, అంటే మా నాన్నతో, వచ్చింది. బాపు అల్లపల్లి కలప డిపోలో పని చేసి దిగిపోయిన మనిషి. నరికిన టేకు దుంగల మొదళ్ల మీద నల్లరంగుతో నంబర్లు వేయడంలోనే ఆయన ఉద్యోగమంతా గడిచింది. వదిన ఆయనతో నేరుగా మాట్లాడేది కాదు. ఎదురుగా కూర్చున్నా సరే, "మామను అన్నానికి రమ్మను పిల్లా" అని నాతో చెప్పించేది. ఆయనా తక్కువేమీ కాదు, "వస్తున్ననని చెప్పు" అనేవాడు. ఇద్దరి మధ్య నేను తపాలా మోసేదాన్ని.

దీపావళి సెలవుల్లో ఒకరోజు పొద్దున్న బాపు వాకిట్లో పక్కింటి పెద్దాయనతో గ్రామ పంచాయితీ గురించి గట్టిగా వాదిస్తూ, చూడకుండా చెయ్యి చాపి, పక్కనున్న డబ్బాలోంచి గుప్పెడు వక్కపలుకులు నోట్లో పోసుకున్నాడు. అవి వక్కపలుకులు కావు, వెండి చమ్కీలు. రెండు డబ్బాలూ ఒక్క తీరుగా ఉండేవి, ఇల్లు ఊడుస్తూ అవ్వ ఒకదాని బదులు ఒకటి పెట్టింది. బాపు వాదన ఆపలేదు. మాట మాటకూ పళ్ల మీద, మీసాల మీద చమ్కీలు తళుక్కుమంటుంటే పెద్దాయన కాసేపు చూసి, "ఏంది బావా, నోట్లె పెండ్లి అయితున్నదా?" అని అడిగాడు.

బాపు ఉమ్మి, కడుక్కుని, లోపలికొచ్చి నిలబడ్డాడు. "ఏ డబ్బాల ఏమున్నదో తెల్వని ఇల్లు ఇల్లేనా? వడ్లు వచ్చేనాటికి ఆ అర్ర ఖాళీ గావాలె. చెప్పు మీ వదినెకు."

నేను చెప్పనక్కర్లేదు, ఆమె తలుపు వెనకే ఉంది. అర్ర పోతే సంచులు అటకెక్కుతాయి, సంచులు అటకెక్కితే బాసింగాల పనీ అటకెక్కినట్టే. ఆ పూట వదిన అన్నం తినలేదు. "పరేషాన్ కాకు వదినె, నేను చూసుకుంట" అనేశాను. కాలేజీలో నా దస్తూరీకి మంచి పేరుండేది మరి.

తెల్ల కాగితాలు కత్తిరించి, మైదాపిండి జిగురు కాచి, డబ్బా డబ్బాకూ ముచ్చటైన మరాఠీలో పేర్లు రాసి అతికించాను. వదిన అన్నీ తిరిగి చూసి, "మంచిగున్నయి పిల్లా. ఇగ ఏం రాసినవో జర సదివి చెప్పు" అంది. ఆమెకు మరాఠీ రాదు. మరాఠీ బడిలో చదివిన నాకు తెలుగు మాటే గాని అక్షరం రాదు. నా దస్తూరీ గర్వం అక్కడికక్కడే దిగిపోయింది. చీటీలన్నీ పీకి, వదిన పలక మీద రాసి చూపిస్తే కింద కూర్చుని దిద్దుకున్నాను. నా అక్షరాలు తాగినవాళ్లలా ఒకదాని మీద ఒకటి పడేవి. ఆమె ఒక్కసారి కూడా నవ్వకుండా, విసుక్కోకుండా నా చెయ్యి పట్టుకుని రాయించింది. (ఇవాళ ఈ నాలుగు ముక్కలు తెలుగులో రాస్తున్నానంటే అది ఆ అర్ర పుణ్యమే.)

అంతా బాగానే అతికించాం గాని చీమలను లెక్కలోకి తీసుకోలేదు. మైదా జిగురు వాటికి పండగ భోజనమైంది. వడ్లు ఇంటికి వచ్చేనాటికి సగం చీటీలు నేల మీద ఉన్నాయి, మిగతావి ఒక అంచున వేలాడుతున్నాయి.

ఆ పొద్దున బాపు అర్ర గడప మీదికి వచ్చాడు. నేనూ వదినా గోడకు అతుక్కుని నిలబడ్డాం. ఆయన వేలాడుతున్న చీటీ ఒకటి పట్టుకుని చూశాడు. అరుస్తాడనుకున్నాను. అరవలేదు, బాధపడ్డాడు.

"కాయితం ఎవలన్న అతికిస్తరా? వానకు పాయె, చీమకు పాయె. రంగుతోని రాయాలె" అని వెళ్లి, అటక మీది నుంచి తన పాత నల్లరంగు డబ్బా, కుంచె తెచ్చుకున్నాడు. నది అవతల మేనమామ ఇంట్లో ఉండి నేర్చుకున్న నాలుగో తరగతి తెలుగు ఆయనది. దుంగల మీద రాసి రాసి అక్షరాలు దుంగలంత లావయ్యాయి, చిన్న పూసల డబ్బా ఒక్క మాటకే నిండిపోయేది. పేరు రాయడంతో ఆగుతాడా, ప్రతిదానికీ నంబరు వేశాడు. పూసలను గుమ్మరించి మొదటి రకం, రెండో రకం, రిజెక్టు అని మూడు రాసులు పోశాడు. టేపు తెచ్చి ఊలు ఉండల చుట్టుకొలత తీశాడు. నవ్వు ఆపుకోలేక నేను వంటింట్లోకి పరిగెత్తాను. తిరిగి వచ్చేసరికి వదిన ఆయన పక్కన కూర్చుని ఉంది.

"అవి రెండో రకం కాదు మామా, మొదటి రకమే. జర వెలుగుల పట్టి చూడుండ్రి" అంటోంది. నాతో చెప్పించకుండా ఆమె ఆయనతో అన్న మొదటి మాట అది. బాపు పూసను కిటికీ దగ్గర పట్టి చూశాడు. "అవును బిడ్డా. కండ్లు కనవడ్తలెవ్వు" అని దాన్ని మొదటి రాసిలో వేశాడు. ఆ క్షణంతో నా తపాలా ఉద్యోగం ఊడింది.

అంతలో బయట ట్రాక్టరు ఆగింది. "బాపూ, బస్తాలు అర్రల దించాల్నా?" అని అన్న అరిచాడు.

బాపు తలెత్తలేదు. "లోపట పని నడుస్తున్నది కనవడ్తలేదా? వసారల దించు."

వసారాలో ఉన్నది నా మంచం. మిగిలిన సెలవులన్నీ వడ్ల బస్తాల నడుమ, ఒళ్లంతా దురదతో, మహా సంతోషంగా పడుకున్నాను.

చివరికి ఒక డబ్బా మిగిలింది. బాపు దాని మీద కూడా రాస్తుంటే, "దాంట్ల ఏమున్నది బాపూ?" అని అడిగాను.

"ఏం లేదు."

"మరి ఏం రాస్తున్నవ్?"

"ఏం లేదని రాస్తున్న. రాయకుంటే ఎవలన్న ఏదన్న పెడ్తరు" అని, నంబరు వేసి, కింద పెద్దగా 'ఖాళీ' అని రాశాడు.

ఇప్పుడు నేను ముల్చేరలో టీచరును. పేర్లు అచ్చువేసే చిన్న మిషన్ కొన్నాను, మా వంటింట్లో ఉప్పు డబ్బాకు కూడా అచ్చు అక్షరాలున్నాయి. (లోపల ఏముంటుందని మాత్రం అడగకండి, నేను మా అవ్వ కూతురిని.) బాపు లేడు. వదిన బాసింగాలు ఫోనులో ఫొటో చూసి ఎక్కడెక్కడి వాళ్లో తెప్పించుకుంటున్నారు. ఆమె దగ్గర ఇద్దరమ్మాయిలు పని నేర్చుకుంటున్నారు. డబ్బాలు అవే, నంబర్లూ అవే, లోపలి సరుకే ఎన్నోసార్లు మారింది.

మొన్న వెళ్లినప్పుడు ఆ అర్రలో కూర్చుని, చెవి కమ్మలు తీసి చేతికందిన డబ్బాలో వేయబోయాను.

"అండ్ల పెట్టకు పిల్లా" అంది వదిన, చేతిలో పని ఆపకుండా. "మామ ఖాళీ అని రాసిండు గద."

ఇన్నేళ్లుగా, చోటు చాలక సంచులు వసారాలోకి వచ్చినా, ఆమె అందులో ఒక్క పూస వేయలేదు. మూత తీసి చూశాను. నిజంగానే ఏమీ లేదు. మా ఇంట్లో పైన రాసిందే లోపల ఉన్న డబ్బా ఒక్కటైనా ఉందని నవ్వొచ్చింది, ఎందుకో కళ్లలో నీళ్లూ తిరిగాయి. మూత పెట్టి, నంబరు ముందుకు కనబడేలా దాని చోట దాన్ని పెట్టాను. కమ్మలు మళ్లీ చెవులకే పెట్టుకున్నాను.