హైమవతి కుర్చీకి మనిషి కావాలి

హైమవతికి రిటైర్ అవాలని ఉంది. నాలుగేళ్ళుగా ఆ ఒక్కటీ కుదరడం లేదు. అరవై నాలుగేళ్ళ మనిషి. మోకాళ్ళు అరిగాయి. కెనడాలో, బర్నబీ ఊరి వానలో స్కైట్రైన్ కోసం నిలబడీ నిలబడీ విసుగెత్తింది. భర్త రాఘవులు ఎప్పుడో ఉద్యోగం మానేసి బాల్కనీ కుండీల్లో గోంగూర పెంచుకుంటున్నాడు. ఆమెకి అడ్డం వస్తున్నది డబ్బూ కాదు, పిల్లలూ కాదు. ఆమె పని అందుకునే మనిషి లేకపోవడం.

ఆమె పనిచేసేది ఒక పెన్షన్ కంపెనీలో. ప్రతి నెలా వేలమంది ముసలివాళ్ళ ఖాతాల్లో పెన్షన్ పడాలంటే ఆమె చూసుకునే కోబాల్ ప్రోగ్రాములు నడవాలి. కోబాల్ ఆమె కంటే వయసులో కాస్త పెద్దదైన కంప్యూటర్ భాష. ఎనభైల్లో హైదరాబాదులో దాన్ని నేర్చుకుంది. రెండువేల సంవత్సరం రాగానే కంప్యూటర్లు తేదీలు తప్పుతాయని ప్రపంచమంతా కంగారుపడినప్పుడు, ఆ భాష వచ్చినవాళ్ళని కెనడా పిలిచి మరీ తెచ్చుకుంది. కంగారు తీరిపోయింది. ప్రోగ్రాములు మిగిలాయి, వాటితో పాటు హైమవతి మిగిలింది.

పాత టెక్నాలజీ మీద పనిచేసేవాళ్ళ గురించి ఆఫీసుల్లో చెప్పే ఉపన్యాసాలన్నీ ఒకే పాకంలో ఉంటాయి. అనుభవ నిధి, జ్ఞాన వారసత్వం, తెర వెనక వీరులు. వీరులకి మోకాళ్ళ నొప్పులుండవు కాబట్టి ఆ మాటలేవీ హైమవతికి అంటవు. ఆమె అడిగింది మనిషిని. కంపెనీ ఇచ్చింది పవర్‌పాయింట్.

మేనేజరు బీనా ఫిజీలో పుట్టింది. ముత్తాతలు చెరకు తోటల పనికి ఓడెక్కిన తెలుగువాళ్ళే గానీ, ఆమె తెలుగు 'బాగున్నారా' దగ్గరే ఆగిపోతుంది. మంచి మనిషి. కుర్రవాళ్ళు నిలవకపోవడానికి నల్లటి తెరా, దాని మీద పచ్చటి అక్షరాలే కారణమని తేల్చి, ప్రోగ్రాములు రాసుకోవడానికి రంగురంగుల ఎడిటర్ కొనిపించింది. జీతం పెంచింది. ఉద్యోగం పేరు మార్చి, ప్రకటనలో కోబాల్ అన్న మాటని చివరి పేరాలోకి తోసేసింది. బుధవారాలు పిజ్జా తెప్పించింది.

రేవంత్ వచ్చాడు. ఏడాది తిరక్కుండానే టొరంటో వెళ్ళిపోయాడు. కరణ్ వచ్చాడు. మొబైల్ గేములు చేసే కంపెనీకి మారిపోయాడు. వెళ్తూ వెళ్తూ ఇద్దరూ ఒకే మాటన్నారు: "మీరు చాలా మంచివాళ్ళు ఆంటీ." హైమవతి దాన్ని మెప్పనుకుంది.

మూడో మనిషి సాత్విక. సిద్దిపేట పిల్ల. విండ్సర్‌లో మాస్టర్స్ చేస్తూ కాఫీ షాపులో పనిచేసింది, కారు లేకుండా అక్కడి చలికాలాలు గడిపింది. కోబాల్ మీద ప్రేమేమీ లేదు. కెనడాలో స్థిరంగా ఉండనిచ్చే పీఆర్‌కి అప్లై చేయాలంటే ఉద్యోగం కావాలి. ఇంటర్వ్యూలో బీనా, ఈ టెక్నాలజీ నిన్నెందుకు ఆకర్షించిందని అడిగితే, అందరూ చెప్పేదే ఇంగ్లీషులో చక్కగా చెప్పింది. బయటికొచ్చాక హైమవతి తెలుగులో అడిగింది.

"నిజంగా ఎందుకొచ్చావమ్మా?"

"వేరేవాళ్ళు పిలవలే ఆంటీ."

ఆ జవాబుతో హైమవతికి పిల్ల నచ్చింది.

సాత్విక త్వరగానే నేర్చుకుంది. జూలైలో ఒక పెద్ద ప్రోగ్రాం రాసింది. పెన్షనరు చనిపోతే భార్యకో భర్తకో ఎంత రావాలో లెక్కగట్టేది. ఎవరు రాసిన మార్పైనా హైమవతి చూశాకే అసలు సిస్టంలోకి వెళ్ళాలి. అక్కడి పద్ధతి అది. హైమవతి చూసింది. "బాగుందమ్మా," అంది.

రేవంత్‌కీ కరణ్‌కీ కూడా బాగుందనే చెప్పింది. అందరూ ఇళ్ళకి వెళ్ళాక వాళ్ళు రాసింది తెరిచి, తనకి నచ్చినట్టు తిరగరాసి పంపేది. సొంత కూతురైతే మొహం మీదే తిట్టేది. తిట్టింది కూడా. ఆ కూతురు ఇప్పుడు కాల్గరీలో పళ్ళ డాక్టరు, తెలుగులో అడిగితే ఇంగ్లీషులో జవాబిస్తుంది. పరాయి పిల్లల్ని ఏమంటాం? వచ్చేవాళ్ళే కరువైన చోట తప్పులెంచి తరిమేసుకుంటామా? కోడలు పెట్టిన చారులో ఆమె అటు తిరగ్గానే ఉప్పు సర్దే అత్తగారి మర్యాద ఇది. దీన్ని మంచితనం అనుకోవడం మనకి అలవాటు.

అక్టోబరులో అకౌంట్స్ నుంచి ఎవరో ఆ జూలై ప్రోగ్రాం గురించి ఏదో సందేహం అడిగారు. జవాబు చెబుదామని సాత్విక అసలు సిస్టంలో ఉన్న కాపీ తెరిచింది. పైన పేరు తనదే. లోపలిదేదీ తనది కాదు. తను రాసినవే ఇంకో రెండు తెరిచింది. అవీ అంతే.

మధ్యాహ్నం లంచ్ రూములో హైమవతికి ఎదురుగా వచ్చి కూర్చుంది.

"ఆంటీ, జూలైల నేను రాసిన ప్రోగ్రాం ఎక్కడుంది?"

"నడుస్తోందిగా."

"నడిచేది మీది. పైన నా పేరుంది, లోపల నా లైన్లు పది గూడ లేవు."

హైమవతి పెరుగన్నం డబ్బాకి మూత పెట్టింది. "కొంచెం సర్దానంతే. నువ్వు బాధపడతావని…"

"మా అమ్మకు వీడియో కాల్ చేసి చూపించిన ఆంటీ. ఇగో, ఈడ ముసలోళ్ళ పైసలు నేను రాసినదాంట్లకెల్లి పోతున్నయని. ఊర్ల అందరికీ చెప్పుకుంది. మీరు బాగుందన్నరు కదా. బాగలేకపోతే ఏమంటరు?"

"బాగుందనే అంటాను."

అనేశాక గానీ ఆ మాట ఎంత నిజమో హైమవతికి తెలియలేదు. సాత్వికకి నవ్వొచ్చింది, కానీ నవ్వలేదు.

"చేరినప్పుడే రేవంతన్నకు ఫోన్ చేసి అడిగిన, ఎందుకు పోయినవని. అక్కడ వంటంత ఆంటీ చేస్తది, మనం వడ్డించినట్టు ఫొటో దిగుడే అన్నడు. జోకనుకున్న." ఫోను బల్ల మీద బోర్లా పెట్టింది. "నాకు ఓక్‌విల్ల వేరే కంపెనీ నుంచి ఆఫర్ వచ్చింది. సోమవారం చెప్పాలె."

హైమవతికి ముందుగా కలిగింది పశ్చాత్తాపం కాదు. నీరసం. మళ్ళీ ప్రకటన, మళ్ళీ ఇంటర్వ్యూలు, మళ్ళీ పిజ్జా, మళ్ళీ ఇంకెవరికో మొదటి పాఠం. ఆ తర్వాతే మిగతాది అర్థమైంది. కుర్రవాళ్ళని పారిపోయేలా చేసింది పచ్చటి అక్షరాలు కాదు.

"ఉండాలంటే ఏం కావాలి నీకు?"

"ఈ శుక్రవారం పోయే మార్పు నాదే కదా. నేను రాసినట్టే పోవాలె. తప్పులుంటే నా మొహం మీద చెప్పండి. కీబోర్డు మాత్రం ముట్టొద్దు."

గురువారం ఇద్దరూ ఒకే తెర ముందు కూర్చున్నారు. మొదటి పది నిమిషాలు హైమవతికి తప్పు చెప్పడానికి నోరు రాలేదు. తర్వాత పుట్టింటి గుంటూరు మాట వచ్చేసింది.

"ఇదేం రాతే తల్లీ? ఒకే లెక్క మూడు చోట్లా? రేపు రేటు మారితే మూడు చోట్లా వెతుక్కుంటావా? ఈ పేరేంటి, టెంప్-టూ? దీనికి అమ్మానాన్నా లేరా?"

"మారుస్త. తర్వాత?"

"పాత సర్దుబాట్ల ఫైలు చూడకుండా ఎలా వదిలేశావు?"

"ఆ ఫైలు లేదాంటీ. మూడేండ్ల కిందనే తీసేసిన్రు. చూస్కోండి."

హైమవతి చూసుకుంది. నిజమే. "సరే, అది నీదే రైటు," అంది. ఆ మాట అనడానికి ఎంత కష్టమైందో మొహంలో తెలిసిపోయింది. అటుగా వెళ్తున్న బీనా గొంతులు విని, హెచ్ఆర్ దాకా పోతుందేమోనని భయపడి తలుపు దగ్గర ఆగింది. సాత్విక వెనక్కి తిరిగి, ఏం లేదు, ఆంటీ నన్ను తిడుతున్నారని ఇంగ్లీషులో హుషారుగా చెప్పింది. బీనా భయం తగ్గలేదు.

శుక్రవారం మార్పు వెళ్ళింది. చెల్లింపుల లెక్క మొదలై సగంలో ఆగిపోయింది. మూడింటిలోగా ఫైలు బ్యాంకుకి చేరకపోతే సోమవారం ఎవరి ఖాతాలోనూ పెన్షన్ పడదు. ఆగిన రికార్డు చూడగానే హైమవతికి సంగతి తెలిసింది. దేశం వదిలి వెళ్ళిన పెన్షనరు. చిరునామాలో రాష్ట్రం ఉండాల్సిన చోట ఖాళీ. ఒకప్పుడు తనూ ఇక్కడే బోర్లా పడింది. నిన్న తన కంటికీ ఆనలేదు.

"చెప్పకండి," అంది సాత్విక, తెర మీంచి చూపు తిప్పకుండానే.

"చెప్పను. రెండింటి దాకా చెప్పను. ఆ తర్వాత నా వల్ల కాదు."

చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. సాత్విక ముందు తను కొత్తగా రాసిన లెక్కని అనుమానించి చాలాసేపు అక్కడే తిరిగింది. తప్పు దారి. హైమవతి గొంతు దాకా వచ్చిన మాటని మింగింది. బీనా రెండుసార్లు వచ్చి చూసింది. మూడోసారి వస్తే, కాఫీ తాగి రమ్మని హైమవతే పంపేసింది. నలభై ఏళ్ళ సర్వీసులో ఇంత అలసట ఎరగదు. పని చేయడం కంటే చేయకుండా కూర్చోవడం కష్టంగా ఉంది.

రెండు కావస్తుండగా సాత్విక ఉన్నట్టుండి ఆగిపోయింది. "ఈయన పోర్చుగల్‌ల ఉంటుండు," అంది మెల్లగా. మిగిలింది తనే చూసుకుంది. ప్రోగ్రాం మార్చి, కుర్చీ పక్కకి జరిపింది.

"ఇప్పుడు చూడండి. బాగుందనొద్దు."

హైమవతి చూసింది. "ఖాళీ ఒకటే పట్టుకున్నావు. పాత రికార్డుల్లో ఖాళీకి బదులు సున్నాలుంటాయి."

సాత్విక అదీ సర్దింది. ఫైలు వెళ్ళింది.

సోమవారం పొద్దున సాత్విక కోటు విప్పకుండానే చెప్పింది. "ఓక్‌విల్ వాళ్ళకు నో చెప్పిన. రెండేండ్లుంట. పీఆర్ వచ్చినంక మాట ఇయ్యలేను."

"నేనడగలేదుగా."

"ముందే చెప్తున్న. మళ్ళ బాధపడతరని."

హైమవతి అటునుంచటే బీనా గదిలోకి వెళ్ళింది. మార్చి ఆఖరుకి వెళ్ళిపోతానంది. బీనా బతిమాలింది. పోనీ వారానికి ఒకరోజు. పోనీ ఇంటి నుంచి. పోనీ ఊరికే రివ్యూ చేసి పెట్టడానికి. హైమవతి అన్నిటికీ తలడ్డంగా ఊపి, ఇంకోటి అడిగింది. అసలు సిస్టంలో మార్పులు చేసే తన అనుమతి తీసేయమంది. మార్చిలో కాదు, ఈ రోజే. చదవడానికి మాత్రం ఉంచమంది. చివరి మాట సాత్వికదే అవాలంది.

ఎందుకని అడిగింది బీనా.

"చెయ్యి ఊరుకోదు," అంది హైమవతి. ఇంగ్లీషులో అది సరిగ్గా రాలేదు. బీనా ఏమర్థం చేసుకుందో గానీ సంతకం పెట్టింది.

మధ్యాహ్నానికి అనుమతి పోయింది. హైమవతి సాత్విక కొత్తగా రాస్తున్నది తెరిచి చదివింది. ఒక లైను దగ్గర ఒళ్ళు మండింది. వేలు తనంతట తనే కీ మీదికి వెళ్ళింది. ఏమీ జరగలేదు.

"సాత్వికా! ఇటు రా ఒకసారి. దరిద్రంగా ఉంది ఇది."

"తింటున్న ఆంటీ. పది నిమిషాలు."

హైమవతి కుర్చీలో వెనక్కి వాలి, మోకాళ్ళు చాపుకుని, ఎదురుచూసింది.