ఖాజా మామ క్యాంపుకు వేసుకెళ్లిన ప్యాంటు

నిన్న పొద్దున నా జిరాక్స్ షాపు షట్టర్ ఎత్తుతుంటే పక్క షాపు ఇంకా మూసే ఉంది. మామ ఇవాళ లేటేంటి అనుకుంటుండగానే ఆయన కొడుకు రఫీ ఫోన్ చేశాడు.

"అక్కా, అబ్బా లేడు."

ఎక్కడికి వెళ్లాడని అడిగాను. నిజంగా అలాగే అడిగాను.

గుండెపోటట.

ఖాజా మామ చౌటుప్పల్‌లో మా పక్క షాపు టైలర్. చిన్నప్పుడు పోలియో వచ్చి ఎడమ కాలు సన్నబడి, పొట్టిగా ఉండిపోయింది. పన్నెండేళ్లుగా మధ్యాహ్నం టీ ఇద్దరం సగం సగం తాగేవాళ్లం.

ఆయనకు ప్రతిదీ తెలియాలి. "బిడ్డా, గీ ఓటీపీ ఎవలు పంపుతరు, మనిషా?" నాకు తెలియనివే ఏరికోరి అడిగేవాడు.

వికలాంగుల పింఛన్ కోసం మెడికల్ క్యాంపుకు వెళ్తే, డాక్టర్ నాలుగు అడుగులు నడిచి చూపించమన్నాడట. కాలు ముట్టుకోలేదు. ముప్పై శాతం అని రాసేశారు. నలభై ఉంటేనే పింఛన్.

పైగా అక్కడి ఆఫీసర్ అందరి ముందు, "మంచిగనే నడుస్తున్నవ్ గదా, దొంగ సర్టిఫికెట్ కోసమొచ్చినవా?" అన్నాడట.

పింఛన్ రానందుకు కాదు, ఆ మాటకు మామ కడుపు మండిపోయింది.

"నేను దొంగనా బిడ్డా? గా మాట కొట్టేయించాలె. గీ శాతం దేనితోని కొలుస్తరో గది గూడ అడగాలె."

ఉచిత న్యాయ సహాయం కింద ఒక లాయరమ్మ దొరికింది. కాగితాలు నా షాపులోనే టైప్ చేశాం. మధ్యలో ఆవిడ అడిగింది, "ఆ రోజు ఏం వేసుకొని పోయిన్రు?"

"కొత్త ప్యాంటమ్మా. డాక్టర్ సాబ్ ముందలికి పోతున్నం గదా."

అప్పుడు వెలిగింది నాకు. మామ తన ప్యాంట్లు తనే కుట్టుకునేవాడు. ఎడమ కాలికి లోపల మందపాటి గుడ్డ పెట్టి, పిక్క ఉన్నట్టే కనిపించేలా. చెప్పు కింది ఎత్తు కనపడకుండా అంచు కిందికి దించి. పక్కనే ఉండి ఆ కాలు ఎంత సన్నమో నాకే తెలియదు. ఊరందరినీ నమ్మించిన పనితనం డాక్టర్‌నీ నమ్మించింది!

మామ ముఖం చిన్నబోయింది. "అంటే తప్పు నాదేనా?"

"మంచి బట్టలు వేసుకునుడు తప్పెట్లయితది? కాలు చూడకుంట రాసుడు తప్పు" అంది లాయరమ్మ.

హైకోర్టులో కేసు వేశాం. రెండేళ్లు తిరిగాడు. వాయిదా సంగతి అడిగితే, లాయర్ల నల్లకోట్ల భుజాలు ఎవరు కుట్టారో గానీ సరిగా లేవని చెప్పేవాడు. చివరికి, ఆఫీసర్ అన్న మాట తప్పని, కాలు చూసి మళ్లీ పరీక్ష చేయాలని ఆర్డర్ వచ్చింది.

ఈసారి లుంగీ కట్టుకో మామా అన్నాను.

"లుంగీ మీద ఎన్నడన్న బయటికి పోయిన్నా?" అని కసిరాడు. వారం కూర్చుని ఇంకో ప్యాంటు కుట్టాడు. లోపల గుడ్డ లేదు. ఎడమ కాలికి మడమ నుంచి తొడ దాకా గుండీలు.

డాక్టర్ ముందు కూర్చుని ఒక్కో గుండీ తనే విప్పాడు. పక్కన నిలబడ్డ నాకు ఏడుపొచ్చింది. ఆయన మాత్రం డాక్టర్ చేతిలోని టేపు వైపే చూస్తున్నాడు.

"సార్, గంత వదులుగ పట్టొద్దు. నేను టైలర్ని."

డాక్టర్ నవ్వేసి మళ్లీ కొలిచాడు. అరవై శాతం. పింఛన్ మంజూరైంది.

"మిగిలిన నలభై ఏడున్నదో గది గూడ రాస్తే మంచిగుండు" అన్నాడు మామ.

కోర్టు ఆర్డర్‌ను నాతో లామినేషన్ చేయించి ట్రయల్ అద్దం పక్కన తగిలించాడు. ప్యాంటు కొలతలకు వచ్చినవాళ్లంతా అది చదివాకే వెళ్లాలి.

నిన్న మామ ఇంటికి వెళ్లాను. ఒంటికి తెల్లటి కఫన్ బట్ట చుట్టి ఉంది. దానికి కొలత లేదు, కుట్టు లేదు, లోపల గుడ్డ లేదు.

ఇప్పటికే అక్కడ ఎవరినో ప్రశ్నలతో సతాయిస్తుంటావు. జవాబులు నాకు తెలియవు కదా, ఇక వాళ్లనే అడుగు.

పోయిరా మామా. నిన్ను ఇక ఎవరూ నడిచి చూపించమనరు. హాయిగా పడుకో.