వెళ్లొస్తానని అనని మనిషి

మామయ్య సంస్మరణ సభలో ఒక విమర్శకుడు మైకు పట్టుకుని, "ఆయన జీవితమంతా చీకట్లో ఈదిన మనిషి" అన్నాడు. ముందు వరసలో కూర్చున్న అత్తయ్య నా చెవి దగ్గరికి వంగి, "ఆయనకు ఈతెక్కడ వచ్చే? బకెట్లో నీళ్లు ఎక్కువైతేనే బెదిరిపోయేవారు" అంది. నాకు నవ్వాగలేదు. పక్కాయన ఉరిమి చూశాడు. చూస్తే చూడనీ. ఆ సభలో మాట్లాడిన వాళ్ల మాటలు వింటే, మామయ్య బతికున్నన్నాళ్లూ కాఫీ తాగలేదేమో, గోళ్లు కత్తిరించుకోలేదేమో, మనిషి కాదు పొగమంచేమో అనిపిస్తుంది. మేనకోడల్ని కాబట్టి అసలు సంగతి నేను చెబుతాను.

మామయ్యకు బస్సు డిపోలో ఉద్యోగం. జనం బస్సుల్లో మరిచిపోయిన వస్తువులన్నీ చేరే గది ఒకటి టికెట్ల కౌంటరు వెనకాల ఉండేది. ఆ గదికి అధికారీ ఆయనే, బంట్రోతూ ఆయనే. కప్పు దాకా ఇనప అరలు, అరల నిండా గొడుగులు, కళ్లజోళ్లు, టిఫిను క్యారియర్లు, ఒంటి చెప్పులు. ఒకసారి ఎవరివో కట్టుడు పళ్లు కూడా వచ్చాయి. గొడుగంటే సరే, నోట్లో ఉండాల్సినవి ఎలా మరిచిపోతారని ఇంటిల్లిపాదీ పడీపడీ నవ్వితే, మామయ్య మాత్రం దాని మీద ఇంత పొడుగు కథ రాశాడు. ఆ కథలో పళ్ల తాలూకు మనిషి దొరకడు. చివరికొచ్చేసరికి చదివేవాడికి కథ కూడా దొరకదు.

ఆయన రాసినవన్నీ అదే బాపతు. వీధి మొదట్లో మందుల షాపాయన ఒక పుస్తకం మొహమాటానికి చదివి, "బావుంది సార్. తర్వాతేమైంది?" అని అడిగాడు.

"తర్వాతేమీ కాలేదు."

"పోనీ, ముందేమైంది?"

"ముందూ ఏమీ కాలేదు."

"మరి మధ్యలో?"

మామయ్య కాసేపు నిజంగానే ఆలోచించి, "మధ్యలో అతను గొడుగు మడిచాడు" అన్నాడు.

ఆ రోజు నుంచి వీధిలో ఆయన పేరు అర్థంకాని సారు. పాలబ్బాయి దగ్గర్నుంచి పోస్టుమాన్ దాకా అదే పేరు. మామయ్యకు కోపం రాకపోగా, ఇంటి ముందు బోర్డు రాయిస్తానని బయల్దేరితే అత్తయ్య చెయ్యి పట్టుకుని ఆపింది.

అత్తయ్య ఆయన రాతల జోలికి పోయేది కాదు. మాటల జోలికి మాత్రం పోయేది. గడప దాటే మనిషి ఎవరైనా "వెళ్లొస్తాను" అంటాడు కదా. మామయ్య అనడు. చెప్పులేసుకుని, సంచీ భుజాన తగిలించుకుని, "వెళ్తున్నాను" అంటాడు. పెళ్లైన కొత్తలో అత్తయ్య గుండె గుభేలుమనేదిట. వీధి మలుపు దాకా పరిగెత్తి వెనక్కి పిలుచుకొచ్చి, "వెళ్లొస్తానని చెప్పి వెళ్లండి" అని గడపలో నిలబెట్టేదిట.

"అది అబద్ధపు మాట. నా గది నిండా ఉన్నవి ఎవరి గొడుగులనుకున్నావు? అన్నీ వెళ్లొస్తానన్న వాళ్లవే. ఒక్కడూ రాడు. నేను వెళ్తున్నానంతే. వస్తే వచ్చినప్పుడు చూద్దాం" అనేవాడాయన.

"ఒక్క 'వస్తా' అంటే మీ నోటి ముత్యాలు రాలిపోతాయా?"

"రాలవు. అరిగిపోతాయి."

మొండివాడు రాజుకంటే బలవంతుడని ఊరికే అన్లేదు. కొన్నాళ్లకు అత్తయ్యే విసుగొచ్చి ఊరుకుంది. ఆయన "వెళ్తున్నాను" అనడం, ఆవిడ వంటింట్లోంచి "ఊఁ" అనడం, సాయంత్రం అయ్యేసరికి ఆయన సంచీతో సహా తిరిగిరావడం, ఇదీ ఆ ఇంటి లెక్క.

ఇక రెండో సంగతి. మామయ్యకు దిగులు వచ్చేది. మనందరికీ వచ్చే దిగులు కాదు, మంచానికి కట్టేసే దిగులు. వచ్చిందంటే గోడవైపు తిరిగి పడుకోవడమే. తిండి లేదు, స్నానం లేదు, ఉలుకూ పలుకూ లేదు. మా ఇంట్లో దానికి 'చుట్టం' అని పేరు. ఎవరైనా ఆయన కోసం వస్తే అత్తయ్య తలుపు సగం తీసి, "ఇంట్లో చుట్టమున్నాడండీ, నాలుగు రోజులాగి రండి" అని పంపించేసేది. పాపం వాళ్లు కుశలం కూడా అడిగేవాళ్లు, చుట్టం బాగున్నాడా అని. "బాగా తిష్ట వేశాడు" అనేది అత్తయ్య. నవ్వుతూనే అనేది గానీ, లోపలికొచ్చి ఆయన పాదాల దగ్గర కూర్చుని చాలాసేపు లేచేది కాదు.

నేను కాలేజీ చదువుకు వాళ్లింట్లో ఉన్న ఏడాది, వానాకాలంలో చుట్టం వచ్చి ఎంతకీ కదల్లేదు. అత్తయ్య తలప్రాణం తోకకొచ్చింది. డాక్టరు దగ్గరికి పోదామంటే ఆయన తల అడ్డంగా ఊపడం కూడా మానేశాడు. అలాంటిది ఒకరోజు పొద్దున్నే లేచాడు. గడ్డం గీసుకున్నాడు. ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు. నా చదువెలా ఉందని అడిగాడు. అత్తయ్య పెట్టింది పెట్టినట్టు తిని, చాలా బాగుందన్నాడు. పోయిన ప్రాణం తిరిగొచ్చినట్టు మేమిద్దరం మొహాలు చూసుకున్నాం.

చెప్పులేసుకున్నాడు. పెరట్లో దుప్పటి పిండుతున్న అత్తయ్యకు వినబడేట్టు, ఎంతో మెత్తగా, "వెళ్లొస్తానోయ్" అన్నాడు.

ఇన్నేళ్లకు దారికొచ్చాడని నేను సంబరపడ్డాను. అత్తయ్య చేతిలో దుప్పటి జారిపోయింది.

"ఏమన్నారే మీ మామయ్య?"

"వెళ్లొస్తానన్నాడు. మొత్తానికి నువ్వే గెలిచావు."

అత్తయ్య మొహం తెల్లగా పాలిపోయింది. తలుపు పక్కన తగిలించిన గొడుగు అక్కడే ఉంది. బయట చినుకులు పడుతున్నాయి. గొడుగందుకుని, కాళ్లకు దొరికిన చెప్పులు తొడుక్కుని, తడి చీరతోనే వీధిలోకి పరిగెత్తింది. నేనూ వెనకాలే పరిగెత్తాను, ఎందుకో తెలియకుండా. డిపోలో ఆయన గదికి తాళం వేసే ఉంది. కౌంటరులో ఆవిడ, "సారు ఇవాళ రాలేదే" అంది. అప్పుడు తెలిసింది నాకు, ఎందుకు పరిగెత్తుతున్నామో. బస్సులు బయటికెళ్లే గేటు దగ్గర ఒక డ్రైవరు, ఆయన నది వైపు నడుస్తూ కనబడ్డాడని చెప్పాడు.

వంతెన మీద నిలబడి ఉన్నాడు మామయ్య. నిక్షేపంలాంటి ఇస్త్రీ చొక్కా తడిసి ముద్దయింది. రెండు చేతులూ రెయిలింగు మీద ఉన్నాయి. అత్తయ్య ఏడవలేదు, అరవలేదు. వెళ్లి పక్కన నిలబడి, గొడుగు విప్పి ఆయన తలమీద పట్టింది.

"ఇందాక తప్పు మాటన్నారు. సరిగ్గా చెప్పలేదు."

ఆయన నీళ్లవైపే చూస్తున్నాడు.

"పెళ్లైన దగ్గర్నుంచీ వెళ్తున్నానంటూనే రోజూ ఇంటికొచ్చారు. ఇవాళ వస్తానన్నారంటే, రారనేగా? మీ సంగతి నాకు తెలీదా?"

మామయ్య అప్పుడు ఆవిడ వైపు చూశాడు. తర్వాత కిందికి, ఆవిడ కాళ్ల వైపు చూశాడు. ఒక కాలికి ఆవిడ చెప్పు, రెండో కాలికి ఆయన పాత చెప్పు. అది చూసి మొహం చేతుల్లో దాచుకుని ఏడ్చేశాడు. ఆయన ఏడవగా నేను చూడడం అదొక్కసారే. అత్తయ్య ఆయన మోచెయ్యి పట్టుకుని అటు నుంచి అటే ఆస్పత్రికి తీసుకెళ్లింది. ఈసారి ఆయన కాదనకుండా వెంట నడిచాడు. మందులు వాడాడు. చుట్టం ఆ తర్వాత కూడా వచ్చేవాడు గానీ, రాగానే అత్తయ్య డాక్టరుకు ఫోన్ చేసేది, వాడు పెట్టె సర్దుకునేవాడు.

మామయ్యకు నాలుగు ఊళ్లలో పేరు తెచ్చిన నవల ఆ తర్వాత రాసిందే. ఒకావిడ జత కలవని చెప్పులతో వీధులన్నీ పరిగెత్తుతుంది. పుస్తకమంతా అదే. ఆ చెప్పులు ఆధునిక మానవుడి చీలిన ఉనికికి ప్రతీక అని సభలో విమర్శకుడు చాలాసేపు వివరించాడు. అత్తయ్య నాతో, "తొందరలో చూసుకోలేదే" అంది.

మామయ్య రిటైరయ్యాడు, ఇంకో రెండు పుస్తకాలు రాశాడు, మందుల షాపాయనతో పేకాట నేర్చుకుని ఓడిపోయాడు. పోయిన చలికాలంలో గుండెకు ఆపరేషన్ అన్నారు. స్ట్రెచరు మీద తోసుకెళ్తుంటే మేమంతా బిక్కచచ్చి నిలబడ్డాం. తలుపు దగ్గర ఆయన చెయ్యెత్తి స్ట్రెచరు ఆపించి, అత్తయ్య కోసం వెతికి, "వెళ్తున్నానోయ్" అన్నాడు.

అత్తయ్య మొహం వికసించింది. "ఇంక భయం లేదు, వచ్చేస్తారు" అని మాకే ధైర్యం చెప్పి, ఆయన లేవగానే వేసుకోవడానికి చొక్కా మడత విప్పి కుర్చీకి తగిలించింది. ఆయన రాలేదు.

సభ అయ్యాక అత్తయ్యను ఇంట్లో దింపి, మంచినీళ్లు తాగి లేచాను. గొడుగు ఇంకా తలుపు పక్కనే వేలాడుతోంది. అలవాటుగా, "వెళ్లొస్తాను అత్తయ్యా" అన్నాను.

"అలా అనకే" అంది గబుక్కున, నా చెయ్యి పట్టుకుని. "ఈ ఇంట్లో ఆ మాట వద్దు. మీ మామయ్య మాటే చెప్పు."

అడక్కూడనిదే అడిగేశాను. "ఆ మాట చెప్పి కూడా మామయ్య రాలేదు కదా?"

అత్తయ్య చెయ్యి వదల్లేదు. "అన్నేళ్లూ ఆ మాట మీదే వచ్చారు" అంది. "ఒక్కరోజు రాలేదని ఆ మాటనేమంటాం?"

చెప్పులేసుకున్నాను. "వెళ్తున్నా అత్తయ్యా" అన్నాను.

"ఊఁ" అంది.