ఉత్తరం వెనక పేజీ

నేను ఒక దేశానికి చెడ్డపేరు తెచ్చాను. అందుకే దాని పేరు ఇక్కడ రాయను. ఐరోపాలో ఒక మూలన ఉంటుంది. ఆస్పత్రి కంపౌండరు గోడ మీది పటంలో చూపిస్తే, నా బొటనవేలి కింద మొత్తం దాగిపోయింది. అంత చిన్నది.

అక్కడి నుంచి ఆస్పత్రి పనికి వచ్చిన నర్సమ్మ దగ్గర వికారాబాదులో పన్నెండేళ్లు వంట చేశాను. పోలీసు యాక్షన్ అయిన ఏడాది చేరాను. అనంతగిరికి పోయే దారిలో ఆమె ఇల్లు. వచ్చిన రెండేళ్లకే ఆమె తెలుగు రాయడం, చదవడం నేర్చుకుంది. తెలుగు ఇంట్లో పుట్టిన నాకు రాదు. రాదని ఆమెకు చెప్పలేదు. పొద్దున్నే సామాన్ల చీటీ రాస్తూ పైకి చదివేది. నేను విని గుర్తుపెట్టుకుని, చీటీ జేబులో వేసుకుని బజారుకు పోయేవాణ్ని. ఒక్కనాడూ ఒక్క సామాను మరిచిపోలేదు. అదే పెద్ద చదువు అనుకున్నాను. సంతకం మాత్రం వంటింటి గోడ మీద బొగ్గుతో గీసి గీసి పట్టుకున్నాను. అది రాత కాదు, బొమ్మ.

ఆమె తన దేశం వెళ్లిపోయాక నేను తాండూరు వచ్చి నాపబండల గనిలో కూలికి చేరాను. రెండేళ్లకు ఆమె దగ్గర్నుంచి ఉత్తరం వచ్చింది. వికారాబాదు పోయి, ఆస్పత్రిలో ఆమెతో పనిచేసిన కంపౌండరుతో చదివించుకున్నాను. “పన్నెండేళ్లు నీ చేతి తిండి తిన్నాను. ఒక్క నెల వచ్చి నా చేతి తిండి తిను. ఓడ ఖర్చు నాది. ఇక్కడ నువ్వు పనివాడివి కాదు, చుట్టానివి.” కంపౌండరు కాగితం తిప్పి ఒకసారి చూసి, “గిటు పక్క మంచీచెడులే, తియ్,” అని మడిచి ఇచ్చాడు.

ఆ మాటలు నాకు నోటికి వచ్చేశాయి. చుట్టానివి అన్న మాట ఇంట్లో మా ఆమె నాతో ఎన్నిసార్లు చెప్పించుకుందో. బండల కాడ నన్ను అందరూ దొరా అని పిలవడం మొదలుపెట్టారు. ఓడెప్పుడు దొరా, మాకేం తెస్తవు దొరా అని ఒకటే ఆట పట్టించేవాళ్లు. నాకు బాగానే ఉండేది.

పాస్‌పోర్టు పనికి కంపౌండరే తిరిగాడు. దాంట్లో నా బొమ్మ సంతకం పెట్టాను. వీసా మాత్రం నేనే పోయి అడగాలన్నారు. చూసి రావడానికి ఇచ్చే టూరిస్టు వీసా అది. తాండూరులో రైలుబండెక్కి బొంబాయి పోయాను.

ఆ దేశం ఆఫీసులో ఒక గుమాస్తా ఉన్నాడు. మనదేశం వాడే, వయసు మళ్లినవాడు. హిందుస్తానీలో మాట్లాడాడు, అది నాకు వచ్చు. పాత వంటవాణ్ని మళ్లీ పనికే పిలుస్తుందేమోనని వాళ్ల అనుమానం. పనికైతే ఈ వీసా చెల్లదు. ఉత్తరం తెలుగులో ఉంది, అక్కడ ఎవరికీ తెలుగు రాదు. సంతకం తెలుగులో పెట్టారు కదా, మీరే చదివి చెప్పండి అన్నాడు.

చేతిలో పట్టుకుని, తడుముకోకుండా హిందుస్తానీలో అప్పజెప్పాను. చుట్టానివి అన్న చోట కొంచెం గట్టిగా కూడా చెప్పాను. అతను రాసుకున్నాడు. తల ఊపాడు. తర్వాత కాగితం నా చేతిలోనే వెనక్కి తిప్పి, “ఇది కూడా చదవండి,” అన్నాడు.

కళ్లద్దాలు ఇంట్లో మరిచిపోయానన్నాను. నాకు జన్మలో కళ్లద్దాలు లేవు. అతను తన కళ్లద్దాలు తీసి, పంచె కొసతో తుడిచి, నా చేతిలో పెట్టాడు. పెట్టుకున్నాను. అంతా అలుక్కుపోయింది. నా వెనక వరసలో నలుగురు నిలబడి ఉన్నారు. అతను ముందుకు వంగి, వాళ్లకు వినబడకుండా, నెమ్మదిగా అన్నాడు: “చదువు రాకపోతే రాదనండి. తప్పేం లేదు. తెలుగువాళ్లు ఈ ఊళ్లో బోలెడుమంది. రేపు ఒకరిని పిలిపిస్తాను, మీరు రండి.”

అంతకన్నా మంచిగా ఎవరు చెబుతారు? నేను మాత్రం ఆ వరస అంతా వినేట్టు, నాకు చదువు రాదని ఎవడన్నడు అని అరిచాను. కళ్లద్దాలు బల్ల మీద పడేసి, కాగితాలు లాక్కుని బయటపడ్డాను. మర్నాడు పోలేదు. ఆ సాయంత్రమే బండెక్కాను.

ఇంటికొచ్చి, కూలినాలి వాళ్లను రానివ్వరట అని చెప్పాను. మా ఆమె నా ముఖం చూసి నమ్మింది. “బొటనేలంత లేదంటివి, గా దేశానికి గంత పొగరా?” అంది. బండల కాడ దొరా అనడం మానేశారు. నా మీద జాలిపడి ఆ దేశాన్ని తిట్టారు. కంపౌండరైతే కోపంతో, నన్ను అడక్కుండానే నర్సమ్మకు రాసేశాడు.

ఆమె జవాబు రాసింది. కంపౌండరు తాండూరు వచ్చి మా గడప మీద కూర్చుని చదివాడు. తన దేశం తరఫున క్షమించమని నన్ను అడిగింది. మా ఆమె కొంగుతో కళ్లు తుడుచుకుంది. అప్పుడైనా నిజం చెప్పి ఉండాల్సింది. లోపలికి పోయి నీళ్లు తాగాను. తర్వాత రెండేళ్లకు నర్సమ్మ పోయిందని కబురు వచ్చింది.

అరవై దగ్గరపడ్డాక మా కోడలు పలక తెచ్చి ముందు పెట్టింది. ఆమె బళ్లో పంతులమ్మ. రెండేళ్లు పట్టింది. కూడబలుక్కుని చదవడం వచ్చాక, ఇంట్లో ఎవరూ లేనప్పుడు పెట్టెలోంచి ఆ రెండు ఉత్తరాలు తీశాను. మొదటిదాని వెనక పేజీ ముందు చదివాను. వీసాకు సంబంధించి అక్కడేదో గట్టి మెలిక ఉంటుందని అన్నాళ్లూ నాకు నేను చెప్పుకుంటూ వచ్చాను. ఉన్నది ఇది: “వచ్చేటప్పుడు తాండూరు కందిపప్పు రెండు శేర్లు తే. ఇక్కడ దొరకదు. నీకు పప్పు చేసి పెడతాను. మాడితే నవ్వకు.”

రెండో ఉత్తరం కూడా చదివాను. “మా వాళ్లు నిన్ను రానివ్వలేదు. నాకు సిగుగా ఉంది,” అని ఉంది. గుండ్రటి పెద్ద అక్షరాలు. సిగ్గుకు ఒత్తు పెట్టడం మరిచిపోయింది.

కోడలి పెన్సిలు తెచ్చి ఆ ఒత్తు నేను పెట్టాను.