అంచున నిలబడ్డ మందు

తొంభైల చివర్లో, మేడ్చల్ నుంచి షామీర్‌పేట మీదుగా పోయే బస్సులో ముందు తలుపు పక్కన నిలబడి పుస్తకం చదువుకుంటున్నాను. జనం నెట్టిన నెట్టుకు కొప్పు ముడిచిన ఒక బక్కపలచని అవ్వ వచ్చి నా భుజానికి అతుక్కుపోయింది.

“మొన్న గిట్లనే మంది నన్ను షామీర్‌పేటల దిగనియ్యలే. తుర్కపల్లి దాక పోయిన” అని వాపోయింది. అంతలోనే నా పుస్తకంలోని బొమ్మను తొంగిచూసింది. “గదేం చెట్టు బిడ్డా?”

“చెట్టు కాదవ్వా, మన ఒంట్ల ఉండే సన్నటి రక్తనాళాలు. ఎర్ర కణాలు నడుమ గుంపుగ పోతయి. సన్నటి మందు రేణువులను గోడకు నెడ్తయి.”

“అయ్యో! మరి మందు ఎట్ల దిగుతది?”

“పక్క కొమ్మ వస్తే గోడకున్నయే ముందుగాల అండ్లకు జారుతయి.”

అవ్వ నడుమ దారిలో మూటలతో ఇరుక్కున్న భారీ మనుషులను ఒకసారి చూసింది. తర్వాత తనను తాను చూసుకుంది. బోసినోటితో నవ్వి, తలుపు పక్క కడ్డీకి ఇంకాస్త దగ్గరగా జరిగింది.

షామీర్‌పేట వచ్చింది. మూటలవాళ్లు “జరుగుండ్రి, జరుగుండ్రి” అని ఒకరినొకరు తోసుకుంటుండగానే అవ్వ అంచు వెంబడి జారి కిందికి దిగింది. బస్సు కదులుతుంటే రెండు చేతులూ ఎత్తి అరిచింది:

“బిడ్డా! మందు దిగింది!”

ఇప్పుడు నేను ఆ పాఠం చెబుతున్నాను. బోర్డు మీద గోడ వెంట చిన్న చుక్కలు పెట్టి, వాటిలో ఒకదానికి కొప్పు గీస్తాను. ఎందుకని పిల్లలు అడిగితే, “ఆమె షామీర్‌పేటలో దిగాలి” అంటాను.